కదిరమ్మ చెవి

పెనుకొండలో కదిరమ్మ అనే మంత్రసాని ఉండేది. పురుళ్లు పోసినందుకంటే ఇంకో పనికి ఆమె పేరు ఎక్కువ వినపడేది. పేగు జారి గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు వచ్చినవాళ్లు ఆమె దగ్గరికి పోయేవాళ్లు. ఆమె వాళ్లను వెల్లకిలా పడుకోబెట్టి, జుట్టు చెవి వెనక్కి తోసుకుని, పొట్ట మీద చెవి ఆనించి వినేది. ఎంతసేపంటే, బయట కూర్చున్నవాళ్లకు భయం పుట్టేంత సేపు. ఆ సేపంతా ఆమె కళ్లు తెరుచుకునే ఉండేవి, కానీ ఎదుట ఉన్నవాళ్లను చూసేవి కావు. లోపలున్నదేదో ఆమెతో మాట్లాడుతుందని, ఎవరు ఎన్నాళ్లుంటారో అదే చెబుతుందని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆమె వీధిలో ఎదురైతే ఆడవాళ్లు కొంగు పొట్టకు అడ్డం పెట్టుకునేవాళ్లు. నొప్పులు మొదలైతే మాత్రం మళ్లీ ఆమే కావాలి. మనుషుల తీరే అంత. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నదాన్నే కాబట్టి చెబుతున్నాను.

నా పేరు నీలావతి. పుట్టిల్లు పెనుకొండ, మెట్టినిల్లు ధర్మవరం. మా ఆయన గంగాధర పట్టుచీరలు నేసేవాడు. మేమున్న ఇల్లు మా మామ ఎప్పుడో ఎవరి దగ్గరో కొన్నది. మగ్గం గుంత కూడా ఇంటితో పాటే వచ్చింది. నేసేవాడు ఆ గుంతలోకి కాళ్లు దించి, అంచున వేసిన పలక మీద కూర్చుంటాడు. నేసిన చీర చుట్టుకుంటూ పోయే కొయ్య సరిగ్గా పొట్ట ముందర ఉంటుంది. మా గుంత అడుగున, మడమలు ఆనే చోట, రెండు పల్లాలు ఉండేవి. మేము రాకముందు ఎవరో ఏళ్ల తరబడి కూర్చున్న గుర్తులవి. మా ఆయన మడమలు వాటిలో కొలిచినట్టు పట్టేవి. ఇల్లు అలికినప్పుడల్లా ఎర్రమట్టి పెట్టి పూడ్చేదాన్ని. నెల తిరిగేసరికి మళ్లీ పడేవి. నడి ఎండాకాలంలో కూడా ఆ గుంతలో చెయ్యి పెడితే చల్లగా తగిలేది.

యాభై ఎనిమిదో సంవత్సరం ఉగాది పోయాక మా ఆయన మగ్గానికి తెచ్చిన దూలం ఒకటి ఒక్కడే ఎత్తాడు. అప్పటి నుంచి మగ్గం దిగడం మానేశాడు. సంగటి ముద్ద అక్కడికే తెమ్మనేవాడు. మధ్యాహ్నం కునుకు కూడా కొయ్యకు పొట్ట ఆనించి, చీర మీదికి వాలి తీసేవాడు. మా అత్త రామసుబ్బమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. నా కొడుకంత పనిమంతుడు వీధిలో లేడని అందరికీ చెప్పుకునేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం నేను పక్కనే కూర్చుని కండెలు చుడుతున్నాను. ఆయన కునుకు తీస్తున్నాడు. ఉన్నట్టుండి గుంతలోంచి గుడగుడమని శబ్దం వచ్చింది. నోరు మూసుకుని ఎవరో గొణుగుతున్నట్టు ఉంది. ఆగింది, మళ్లీ వచ్చింది. నేను కండె వదిలేసి గోడకు అతుక్కుపోయాను.

"గుంతలో ఎవురుండారు?" అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. అంగీ పైకెత్తి, కొయ్య నుంచి కొంచెం వెనక్కి జరిగాడు. గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు నా కళ్ల ముందరే నెమ్మదిగా పైకి లేచింది.

"పేగు జారిండాది," అన్నాడు. "మగ్గం మీదుంటే ఈ కొయ్య లోపలికి తోసి పట్టుకుంటాది. దిగితే బయటికొస్తాది. అందుకే దిగల్యా. అమ్మకు చెప్పద్దు."

మళ్లీ ముందుకు జరిగి కొయ్యకు ఒత్తుకున్నాడు. ఉబ్బు కనపడకుండా పోయింది. మగ్గం మనిషిని పట్టుకుని కూర్చున్నదన్న మాట! ముందు ఒళ్లు జలదరించింది, తర్వాత ఒళ్లు మండింది. ఇన్ని రోజులు పెళ్లానికి కూడా చెప్పని మగవాణ్ని ఏమనాలి?

మర్నాడే రైలెక్కి పెనుకొండ పోయాను. కదిరమ్మ అప్పటికి యాభై దాటిన మనిషి. బక్కగా, నిటారుగా ఉండేది. చీర లోపల పొట్టకు ఎప్పుడూ బిగుతుగా నడికట్టు కట్టుకుని ఉండేది, ఆమె బాలింతలకు కట్టే లాంటిదే.

"ధర్మవరానికి నేను రాను పాపా," అంది. "నీ మొగుణ్నే పిల్చకరా."

"మగ్గం దిగడంల్యా పెద్దమ్మా. కొయ్యకు పొట్ట ఆనిచ్చుకుని కూచున్యాడు."

ఆ మాట వినగానే ఆమె లేచి, తలుపు కూడా వేయకుండా, స్టేషన్ వైపు నడిచింది. నేనే వెనక్కి పోయి గొళ్లెం పెట్టి పరుగెత్తాను.

ధర్మవరంలో రైలు దిగాక మా ఇంటికి నాలుగు మలుపులు. దారి నేను చెప్పలేదు. ఆమె నా ముందర నడుస్తోంది. ప్రతి మలుపూ సరిగ్గా తిరుగుతోంది. మా నడవలో దూలం ఒకటి ఎత్తు తక్కువ, కొత్తగా వచ్చిన వాళ్లందరికీ నుదురు తగులుతుంది. చీకటి నడవలో ఆమె సరిగ్గా అక్కడికి వచ్చి తల వంచింది. నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి. ఆమె నేరుగా మగ్గం దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, మా ఆయన కాళ్ల పక్కగా గుంతలోకి చెయ్యి దించింది. ఆ పల్లాలను వెతికి, ఒకటి తర్వాత ఒకటి తడిమింది.

"నేను పుట్టిన ఇల్లు ఇది," అంది.

కదిరమ్మ గుంతలోకే చూస్తూ చెప్పింది.

"ఇవి మా నాయన మల్లప్ప మడమలు. ఆయనకూ ఇట్లే పేగు జారినాది. ఆయనా ఇట్లే కొయ్యకు ఆనిచ్చుకున్యాడు. నాకు పదేండ్లు. దినామూ ఆయన పొట్ట మీద చెవి పెట్టి ఆడుకుంటాంటి. 'ఏం ఇనపడ్తాందే?' అనేటోడు. 'కప్పలు అరుస్తాండాయి నాయనా' అంటే నగేటోడు. ఒకదినం ఉబ్బు రాయి మాదిరి అయిపాయ. నొప్పికి ఇంగా గట్టిగా ఒత్తుకున్యాడు. ఆ దినం కూడా నన్ను పిల్చి ఇనమన్యాడు. చెవి పెడితే లోపల ఏమీ లేదు. ఒక్క చప్పుడు లేదు. మర్నాడు ఈ గుంతలోంచే ఎత్తినారు."

"అయితే నాయనకు ఏం చెప్పినావు పెద్దమ్మా?" అని అడిగాను.

ఆమె నాకు జవాబు చెప్పలేదు. "ఇంగ దిగప్పా," అంది మా ఆయనతో.

ఆయన దిగాడు. ఆమె చాప మీద పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, చెవి పెట్టి వింది. ఆమె చెవి మంచులా ఉందని ఆయన తర్వాత నాతో చెప్పాడు. చాలాసేపటికి తలెత్తి, "మాట్లాడ్తాండాది. భయం లేదు," అంది.

ఆమె ఆపరేషన్ మాట ఎత్తితే మా ఆయన ఒప్పుకోలేదు. కత్తి పడితే తాను బతకనన్నాడు. ఆమె బలవంతం చేయలేదు.

"చిల్లి పడినాక చిల్లి ఉంటాది. అది మూసేది డాక్టరే, నేను కాదు," అంది. "నేను చిల్లి చుట్టూ ఉండే గోడను గట్టి చేస్తా. పొట్ట ముందర గోడుంటాదప్పా. నువ్వు దానికి కొయ్య ఆనిచ్చినావు, అది పని మానేసి సోమరిది అయిపాయ. రేపు ఆపరేషన్ చేపిచ్చుకున్యా, గోడ గట్టిగుంటేనే కుట్టు నిలుస్తాది."

ముందుగా పలక కింద ఇటుకలు పెట్టించి నాలుగు వేళ్లు ఎత్తు చేసింది, కొంచెం వెనక్కి జరిపింది. ఇప్పుడు కొయ్య తొడల దగ్గరికి వచ్చింది, పొట్టకు తగలదు. తర్వాత కసరత్తు నేర్పింది. పక్కింట్లో దాసప్ప మగ్గం ఆడుతోంది. దాని దెబ్బే లెక్క. దెబ్బ పడినప్పుడల్లా ఊపిరి మెల్లగా వదులుతూ బొడ్డును వెన్నుపూస వైపు లాగాలి. ఊపిరి బిగబట్టకూడదు. కొన్నాళ్లయ్యాక అదే పద్ధతిలో తల ఒక్కటే కొంచెం పైకెత్తాలి. ఆ తర్వాత ఒక్కొక్క మడమను చాప మీద జార్చి మళ్లీ దగ్గరికి తెచ్చుకోవాలి. దగ్గు వస్తే ఉబ్బు చోట అరచెయ్యి అదిమిపెట్టాలి. బీడీ మానాలి. ముక్కి బరువెత్తకూడదు, దొడ్డికి పోయినా ముక్కకూడదు. అందుకని రాగిసంగటిలోకి ఆకుకూర తప్పదని నాకు చెప్పింది.

తర్వాత నా తల పట్టుకుని ఆయన పొట్ట మీద పెట్టింది. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి లోపలెక్కడో నీళ్లు జారినట్టు, తలుపు కిర్రుమన్నట్టు వినపడింది. బతికి ఉన్న మనిషి లోపల అంత మంది గొణుగుతారని నాకు అప్పటిదాకా తెలియదు.

"దినామూ ఇను," అంది. "ఉబ్బు గట్టిపడి, ముట్టుకుంటే అరిచి, వాంతులైతే ఇంగ దేనికీ కాచుకోవద్దు. లోపల మాట కూడా ఆగినాదంటే ఇంగా చెడ్డ. ఒత్తద్దు. నూనె రుద్దద్దు. ఆముదం తాపద్దు. హిందూపురం ఆసుపత్రికి రైలెక్కిచ్చు."

ఆమెను సాగనంపడానికి స్టేషన్‌కు పోయినప్పుడు ఆ నడికట్టు సంగతి అడిగాను. తనకు ఒకే పురుడట, బిడ్డ దక్కలేదట. కట్టు కట్టేవాళ్లు లేక మూడో రోజుకే నీళ్ల కడవ ఎత్తిందట. "అప్పుడు బొడ్డుకాడ వదులైపాయ. అప్పట్నించి నేనే కట్టుకుంటాండా," అంది.

"నీ పొట్ట ఎవురింటారు పెద్దమ్మా?"

"నా చెవి నా పొట్టకు అందదు గదా!" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కసరత్తు సాగింది. పొద్దున, మధ్యాహ్నం ఆయన చాప మీద పడుకుని కప్పు వైపు చూస్తూ ఊపిరి వదిలేవాడు. మధ్యాహ్నం దాసప్ప తినడానికి లేస్తే అతని మగ్గం ఆగేది. అయినా మా ఆయన ఊపిరి అదే లెక్కలో సాగేది. ఒకరోజు అడిగాను, దెబ్బ లేకుండా లెక్క ఎట్లా తెలుస్తోందని. "దెబ్బ పడ్తానే ఉండాది గదా," అన్నాడు. చెవి రిక్కించాను. నిజమే, సన్నగా దెబ్బ వినపడుతోంది. మా మగ్గం వైపు నుంచే. మా మగ్గం మీద ఎవరూ లేరు. నేను ఆ గదిలోంచి లేచి వంటింట్లోకి పోయాను, ఆయన పిలిచేదాకా రాలేదు.

ఆరు నెలలకు ఉబ్బు కనపడటం తగ్గింది. నిలబడ్డా, నడిచినా బయటికి వచ్చేది కాదు. అన్నం వంటింట్లో పీట మీద కూర్చుని తినసాగాడు. మూడున్నర సంవత్సరాలు అట్లా గడిచాయి. రోజూ పొద్దున చెవి పెట్టి వినడం నాకు ముఖం కడుక్కోవడంతో సమానమైపోయింది.

అరవై రెండులో మా తమ్ముడి పెళ్లికి పెనుకొండ పోయి పది రోజులు ఉన్నాను. తిరిగొచ్చేసరికి పలక కింద ఇటుకలు లేవు. పలక ఎత్తయ్యాక నేతలో బిగువు రావడం లేదని మా అత్త పోరిందట. బాగైపోయింది కదా అని ఆయన తీసేశాడట. కసరత్తూ మానేశాడు, బీడీ మళ్లీ మొదలైంది. తల్లీకొడుకులను కలిపి కడిగేశాను. మర్నాడు పొద్దున లేచి ఇటుకలు నేనే పెడదామనుకున్నాను. అప్పటికే ఆయన మగ్గం ఎక్కేశాడు.

పదకొండు గంటలప్పుడు మగ్గం చప్పుడు ఆగింది. పోయి చూస్తే ఆయన చీర మీద నుదురు పెట్టి, రెండు చేతులతో కొయ్యను పట్టుకుని, పొట్టను దానికేసి అదుముకుంటున్నాడు. చెమట బొట్లు పట్టు మీద పడుతున్నాయి.

"ఏం లేదు. సర్దుకుంటాది," అన్నాడు. అంటూనే వాంతి చేసుకున్నాడు.

భుజాలు పట్టి లాగి పడుకోబెట్టాను. ఉబ్బు రాయిలా ఉంది, వేలు పెడితే కేక పెట్టాడు. పొట్ట మీద చెవి ఆనించాను. వీధిలో మగ్గాలన్నీ కొడుతూనే ఉన్నాయి. ఆ పొట్టలో మాత్రం ఎవరూ లేరు. ఇంట్లో వాళ్లందరూ లేచి వెళ్లిపోయాక తలుపు దగ్గర నిలబడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఎంత విన్నా అంతే. అప్పుడు గుంతలోంచి ఆ దెబ్బ వినపడింది. ఒకటి, ఆగి ఇంకొకటి. నేను ఆ వైపు చూడలేదు.

మా అత్త ఆముదం గిన్నె తెచ్చింది. చేత్తో కొట్టి గిన్నె పడేశాను. అత్తతో అంత పని చేసింది జీవితంలో అదొక్కసారే, ఇప్పటికీ దానికి సిగ్గుపడను. దాసప్పను కేకేశాను. అతను, ఇంకో ముగ్గురు మంచంతో సహా ఎత్తుకుని స్టేషన్‌కు పరుగెత్తారు. హిందూపురం పోయే బండి దొరికింది. నేను, దాసప్ప ఆయనతో ఎక్కాం.

రైలు పెనుకొండలో ఆగింది. ఎండ మండిపోతోంది, ప్లాట్‌ఫారం మీద పెద్దగా జనం లేరు. మా పెట్టె ఆగిన చోట, సరిగ్గా తలుపుకు ఎదురుగా, కదిరమ్మ నిలబడి ఉంది. చేతిలో చిన్న సంచి. ఆమెకు ఎవరూ కబురు పెట్టలేదు. పెట్టే టైమే లేదు. మమ్మల్ని చూసి ఆమె కూడా ఒక్క క్షణం కదలలేదు. తర్వాత కడ్డీ పట్టుకుని, నెమ్మదిగా పైకెక్కింది.

"నీకెట్ల తెల్సింది పెద్దమ్మా?" అన్నాను.

ఆమె ఒంగి ఆయన పొట్ట మీద చెవి పెట్టింది. "ఎంతసేపాయ?"

"మూడు గంటలు."

"ఇంగా టైముండాది," అని ఎదురు బెంచీ మీద కూర్చుని, తల కిటికీకి ఆనించింది. ఒక చెయ్యి నడికట్టు మీదే పెట్టుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. ఎండకు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నేను ఆమెను చూడనే లేదు. ఊళ్లో వాళ్ల మాటే నిజమని, లోపలున్నది ఆమెకు ముందే చెప్పిందని నమ్మి, మనసులో ఆమెకు దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు చూసిన వెంటనే లోపలికి తీసుకుపోయారు. సాయంత్రానికి బయటికి వచ్చి, సరైన టైముకు తెచ్చారు, పేగు చెడిపోలేదు, మనిషికి భయం లేదు అని చెప్పాడు. పొట్ట కండరాలు గట్టిగా ఉన్నాయి, కుట్లు బాగా పడ్డాయన్నాడు. నేను ఆ మాట చెప్పడానికి వరండాలోకి పరుగెత్తాను.

కదిరమ్మ గోడకు ఆనుకుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. నేను చెప్పింది విని కళ్లు మూసుకుంది. సంతోషంలో ఆమె మీద పడి కౌగిలించుకున్నాను. నడికట్టు చెమటకు తడిసి ముద్దయింది. దాని కింద నా చేతికి రాయి తగిలింది.

"నాకు నిన్న మధ్యాన్నం నుంచే," అంది. "చెవి అందకున్యా చెయ్యికి తెలుస్తాది గదా. ఈ ఆసుపత్రికే బయల్దేరినా. మీ బండి వచ్చినాది."

"రైల్లో యాల చెప్పలేదు?" అని అరిచాను. నాకు కోపంతో ఏడుపు వస్తోంది.

"ఇద్దర్నీ ఒక్కసారి తెస్తే ముసిలిదాన్ని ముందు చూస్తారేమో. నీ మొగుడికి మూడు గంటలు. నాకు దినం దాటిపాయ." చేత్తో నా తలను తన వైపు లాక్కుంది. "ఇను."

ఆమె పొట్ట మీద చెవి పెట్టాను. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. పొద్దున విన్నదే, దానికంటే లోతుగా ఉంది.

"ఏం ఇనపడ్తాందే?" అంది.

"కప్పలు అరుస్తాండాయి పెద్దమ్మా," అన్నాను.

ఆమె నవ్వింది. నా జుట్టు నిమిరింది.

"మా నాయనకు నేనూ ఇదే చెప్పినా," అంది. "భయమేసి చెప్పినా. ఆయన నమ్మి మళ్లీ మగ్గమెక్కినాడు. లెయ్ పాపా. పోయి డాక్టరుకు నిజం చెప్పు."

పరుగెత్తాను. వాళ్లు చేయగలిగిందంతా చేశారు. తెల్లవారేలోపే ఆమె పోయింది. పొట్ట వినడానికి చెవి ఒకటి నా తలకూ ఉండింది, ఆ నాలుగేళ్లలో పుట్టింటికి పోయినప్పుడల్లా ఆమెను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారైనా ఆనించలేదు.

మా ఆయన ఇంటికొచ్చి మూడు నెలలు మగ్గం ఎక్కలేదు. ఎక్కిన రోజు పలక కింద ఇటుకలు మా అత్తే పెట్టింది. ఆ పల్లాలను నేను మళ్లీ పూడ్చలేదు. ఆ గుంత ఇప్పటికీ చల్లగానే ఉంటుంది. దాసప్ప మగ్గం మొదలవగానే ఆయన చాప పరుచుకుంటాడు. అయ్యాక నేను చెవి పెడతాను. "ఏం ఇనపడ్తాండాది?" అని అడుగుతాడు. విన్నది విన్నట్టు చెబుతాను. తర్వాత నన్ను పడుకోబెట్టి, ఆయన వింటాడు.